ఆలస్యంగా పిలిచిన పేర్లు

అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి కళాశాల ఆటగాళ్లు అడుగుపెట్టే ప్రధాన ద్వారం డ్రాఫ్ట్. ఏటా ఏప్రిల్ చివర్లో మూడు రోజుల పాటు సాగుతుంది. గురువారం రాత్రి మొదటి రౌండు ఒక్కటే. శుక్రవారం రెండు, మూడు రౌండ్లు. మిగిలిన నాలుగు రౌండ్లనూ శనివారం ఒక్కరోజే తేల్చేస్తారు. 32 జట్లకు ఏడేసి వంతులు, వాటికి తోడు మంచి ఆటగాళ్లను పోగొట్టుకున్న జట్లకు పరిహారంగా ఇచ్చే అదనపు వంతులు, అన్నీ కలిపి సుమారు 260 పేర్లు పిలుస్తారు. మొదటి రాత్రి పేరు వినిపించినవాడు కొత్త సూటు వేసుకుని వేదిక ఎక్కి కమిషనర్‌తో ఫొటో దిగుతాడు. ఐదు, ఆరు, ఏడు రౌండ్ల వాళ్లలో ఎక్కువమంది ఆ సమయానికి ఇంట్లోనే ఉంటారు, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ. ఈ చివరి మూడు రౌండ్లలో వచ్చినవాళ్లలో చాలామంది పేర్లు ఏడాది తిరక్కుండానే మరుగున పడిపోతాయి. మిగిలిన కొద్దిమందిలో ఈ ఆట చరిత్రలోనే అత్యుత్తముడనిపించుకున్న క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు) కూడా ఉన్నాడు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడినవారికి ఈ పద్ధతి కొత్తగా తోస్తుంది. వేలంలో సంచిలో డబ్బున్న జట్టు పాట పెంచి ఎవరినైనా దక్కించుకోవచ్చు. డ్రాఫ్ట్‌లో పాట లేదు, వంతే ఉంది. గత సీజన్‌లో అందరికన్నా అడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, లీగ్ తుదిపోరు సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు ప్రతి రౌండులోనూ ఆఖరి వంతు. కావాలంటే వంతులు మార్చుకోవచ్చు, వచ్చే ఏడాది వంతునూ ఇచ్చేయొచ్చు. ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బర్ట్ బెల్ ప్రతిపాదనతో 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో తొలి డ్రాఫ్ట్ జరిగింది. అప్పుడున్నవి తొమ్మిది జట్లు, తొమ్మిది రౌండ్లు, 81 పేర్లు. మొట్టమొదట పిలిచిన జే బర్వాంగర్ ఈ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ముందు పిలిచినంత మాత్రాన ఏమీ ఖాయం కాదని తొలి ఏడే, తొలి పేరుతోనే తేలిపోయిందన్నమాట. తర్వాతి దశాబ్దాల్లో రౌండ్ల సంఖ్య ముప్ఫై దాకా పెరిగి మళ్లీ తగ్గుతూ వచ్చింది. 1994 నుంచి ఏడు దగ్గర నిలిచింది.

అందుకే పాతకాలపు ఆటగాళ్లను రౌండును బట్టి గాక వరుస సంఖ్యను బట్టి చూడటం మేలు. గ్రీన్ బే ప్యాకర్స్‌ను అయిదుసార్లు లీగ్ విజేతగా నిలిపి, మొదటి రెండు సూపర్ బౌల్స్‌లోనూ ఉత్తమ ఆటగాడైన బార్ట్ స్టార్‌ను 1956లో 17వ రౌండులో తీసుకున్నారు. వరుసలో అది 200వ పేరు. ఇప్పటి లెక్కలో ఆరో రౌండు కిందికి వస్తుంది. అలబామా విశ్వవిద్యాలయంలో వెన్నునొప్పి వల్ల అతను చివరి ఏడాదుల్లో పెద్దగా మైదానంలోకి దిగలేదు. చూపించడానికి ఆట లేనివాణ్ని ఎవరు పిలుస్తారు?

కొలతల్లో కనబడనివి

డ్రాఫ్ట్‌కు రెండు నెలల ముందు, 300 మందికి పైగా కళాశాల ఆటగాళ్లను ఇండియానాపొలిస్‌కు పిలిచి కొలతలు తీస్తారు. ఈ తతంగాన్ని కంబైన్ అంటారు. ఎత్తు, బరువు, అరచేయి వెడల్పు, 40 గజాల పరుగు, నిలువుగా ఎగిరే ఎత్తు, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడన్నది, అన్నీ కాగితం మీదికెక్కుతాయి. జట్ల తరఫున వైద్యులు మోకాళ్లు, భుజాలు తడిమి చూస్తారు. కొలతలకు ఒక సుగుణముంది: వేరువేరు కళాశాలల్లో వేరువేరు ప్రత్యర్థుల మీద ఆడినవాళ్లను ఒకే గీటురాయి మీద గీసి చూడొచ్చు. లోపమూ అదే. గీటురాయికి అంటనిది పట్టికలోకి రాదు.

2000 సంవత్సరంలో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన టామ్ బ్రేడీ 40 గజాలు పరుగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. నిలువుగా 24.5 అంగుళాలు ఎగిరాడు. ఆనాటి ఫొటోలో చొక్కా లేకుండా నిలబడ్డ ఆ సన్నటి కుర్రాణ్ని చూస్తే క్రీడాకారుడన్న ఊహే రాదు. కళాశాలలోనూ అతని స్థానం నిలకడగా లేదు. చివరి ఏడాది తనకన్నా చిన్నవాడైన డ్రూ హెన్సన్‌తో ఆట సమయం పంచుకోవలసి వచ్చింది. అదే సీజన్ ముగింపులో, 2000 జనవరి ఆరెంజ్ బౌల్‌లో, వెనకబడ్డ జట్టును మళ్లీమళ్లీ నిలబెట్టి 369 గజాల పాస్‌లు విసిరి అలబామాను అదనపు సమయంలో ఓడించాడు. ఒత్తిడిలో తొణకకపోవడం అందరి కళ్లముందే జరిగింది. కానీ దానికి సెకన్లూ లేవు, అంగుళాలూ లేవు.

ఆ డ్రాఫ్ట్‌లో అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను పిలిచారు: చాడ్ పెన్నింగ్టన్, జియోవానీ కార్మాజీ, క్రిస్ రెడ్‌మన్, టీ మార్టిన్, మార్క్ బల్జర్, స్పర్గన్ విన్. వీరిలో పెన్నింగ్టన్, బల్జర్ చెప్పుకోదగ్గ కాలం ఆడారు. 65వ పేరుగా వెళ్లిన కార్మాజీ లీగ్‌లో ఒక్క అసలు ఆట కూడా ఆడలేదు. బ్రేడీని ఆరో రౌండులో, 199వ పేరుగా, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ పిలిచింది. ఆ వంతు కూడా పరిహారంగా దక్కినదే.

ఇక్కడ పేట్రియాట్స్ దూరదృష్టిని పొగడటం ఆనవాయితీ. ఆ పొగడ్త లెక్కకు నిలవదు. బ్రేడీ ఆ ఏడాది ఆ జట్టు తీసుకున్న ఏడో ఆటగాడు. అతను ఏమవుతాడో తెలిసి ఉంటే అంతకుముందు ఆరు వంతులూ వేరేవాళ్ల మీద ఖర్చుపెట్టేవారు కాదు. అప్పుడున్న మిగిలిన 30 జట్లు చేసిన పొరపాటే పేట్రియాట్స్ కూడా ఆరుసార్లు చేసింది, ఏడోసారి దిద్దుకుంది. ఆ జట్టుకు నిజంగా ఇవ్వవలసిన మెచ్చుకోలు వేరే ఉంది. అప్పటికే ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లున్నా నాలుగోవాడిగా బ్రేడీని ఏడాదంతా అట్టిపెట్టుకుంది. ఆ ఓపిక అరుదు. 2001 సెప్టెంబరులో ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో తీవ్రంగా గాయపడటంతో బ్రేడీ మైదానంలోకి వచ్చాడు. ఆ సీజన్‌లోనే మొదటి సూపర్ బౌల్ గెలిచాడు. మొత్తం ఏడు గెలిచాడు, ఆరు న్యూ ఇంగ్లండ్‌కు, ఒకటి టాంపా బేకు.

చిన్న కళాశాలల నుంచి

పేరు ఆలస్యంగా పిలవడానికి పరుగులో వెనకబడటం ఒక కారణమైతే, చూసేవారు లేనిచోట ఆడటం మరో కారణం. షార్ప్ అన్నదమ్ముల కథ దీనికి చక్కని ఉదాహరణ. అన్న స్టెర్లింగ్ సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆడాడు, 1988లో ఏడో పేరుగా మొదటి రౌండులోనే వెళ్లాడు. తమ్ముడు షానన్ జార్జియాలోని సవానా స్టేట్ అనే చిన్న కళాశాలలో ఆడాడు. 1990లో డెన్వర్ బ్రాంకోస్ అతన్ని ఏడో రౌండులో 192వ పేరుగా తీసుకుంది. పాస్‌లు పట్టే వైడ్ రిసీవర్‌గా వచ్చినవాణ్ని, పట్టడంతోపాటు ప్రత్యర్థులను అడ్డుకునే టైట్ ఎండ్‌గా మార్చారు. రిటైరయ్యేనాటికి ఆ స్థానంలో అత్యధిక క్యాచ్‌లు, అత్యధిక గజాల రికార్డులు అతనివే. షానన్ 2011లో, స్టెర్లింగ్ 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరి మధ్య డ్రాఫ్ట్ పెట్టిన దూరం 185 స్థానాలు.

సవానా స్టేట్ చారిత్రక నల్లజాతి కళాశాలల్లో ఒకటి. వర్ణవివక్ష కాలంలో దక్షిణాది రాష్ట్రాల పెద్ద విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్లను చేర్చుకోలేదు కాబట్టి ప్రతిభంతా ఈ కళాశాలల్లో పోగుపడింది. ఆటగాళ్లను వెతికే లీగ్ జట్ల స్కౌట్‌లు మాత్రం ఆ దారిన అరుదుగా వెళ్లేవారు. అలాంటి కళాశాల నుంచే లాస్ ఏంజెలస్ రామ్స్ 1961లో 14వ రౌండులో తీసుకున్న డీకన్ జోన్స్ ఆ కాలంలో ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌లకు సింహస్వప్నమయ్యాడు. ఈ నిర్లక్ష్యాన్ని ఒక పద్ధతి ప్రకారం వాడుకున్న జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో క్రీడావిలేఖరిగా ఏళ్ల తరబడి ఈ కళాశాలల ఆటలు రాసిన బిల్ నన్‌ను ఆ జట్టు స్కౌట్‌గా పెట్టుకుంది. అక్కడి కోచ్‌లందరూ ఆయనకు బాగా తెలిసినవాళ్లే. 1969లో పదో రౌండులో ఎల్.సి. గ్రీన్‌వుడ్, 1974లో నాలుగో రౌండులో జాన్ స్టాల్‌వర్త్, అదే ఏడాది డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని డానీ షెల్ అలా వచ్చినవాళ్లే. తడిసిన గడ్డి మీద స్టాల్‌వర్త్ పరుగు నెమ్మదిగా తేలితే, మిగతా స్కౌట్‌లు వెళ్లిపోయాక నన్ ఒంట్లో బాగోలేదని ఆ ఊళ్లోనే ఆగి, ఆరిన నేల మీద మళ్లీ పరుగెత్తించి చూశాడని చెప్పుకుంటారు. స్టీలర్స్ ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచింది. నన్ 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. చివరి రౌండ్ల గెలుపులో అదృష్టం పాలెంతో తేల్చడం కష్టం గానీ, ఈయన విషయంలో మాత్రం పనితనమే ఎక్కువ.

స్థానం మారినవారు, ఆటే మారినవారు

కళాశాలలో ఒక స్థానంలో ఆడి లీగ్‌లో మరో స్థానానికి మారవలసినవాళ్లు కూడా ఆలస్యంగా వెళతారు. పాత స్థానానికి సరిపోరు, కొత్త స్థానంలో చూపించింది తక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో బంతి పట్టే రిసీవర్‌గా మొదలై, ఆ రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌గా మారిన రిచర్డ్ షెర్మన్‌ను 2011లో సియాటిల్ సీహాక్స్ 154వ పేరుగా తీసుకుంది. అదే డ్రాఫ్ట్‌లో ఏడో రౌండులో ఆ జట్టు 242వ పేరుగా పిలిచిన మాల్కమ్ స్మిత్ 2014 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. కెంట్ స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన జూలియన్ ఎడెల్‌మన్ 2009లో 232వ పేరుగా పేట్రియాట్స్‌కు వచ్చి రిసీవర్ అయ్యాడు. అతనికీ ఒక సూపర్ బౌల్‌లో అదే పురస్కారం దక్కింది.

జేసన్ కెల్సీ దారి మరీ వంకరది. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ లేకుండా, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌గా చేరాడు. తర్వాత రక్షణలో ఆడే లైన్‌బ్యాకర్, ఆపైన బంతిని వెనక్కి అందించి ప్రత్యర్థులను ఢీకొట్టే అఫెన్సివ్ లైన్. మూడు వందల పౌండ్లు దాటినవాళ్లుండే ఆ వరుసలో 280 పౌండ్లవాడు బక్కపలచనే. 2011లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆరో రౌండులో 191వ పేరుగా తీసుకుంది. లైన్‌మెన్‌లు మైదానంలో పరుగులు తీస్తూ అడ్డుకునే శైలికి ఆ తేలికే కలిసొచ్చింది. 13 సీజన్లు ఆడి 2024 మార్చిలో విరమించేనాటికి ఆరుసార్లు లీగ్ ఉత్తమ జట్టులో సెంటర్ స్థానం అతనిది.

ఈగల్స్ అంతకన్నా విచిత్రమైన పని 2018లో చేసింది. సిడ్నీలో సమోవా మూలాలున్న కుటుంబంలో పుట్టిన జోర్డన్ మైలాటా అప్పటిదాకా ఆడింది రగ్బీ లీగ్. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, దానికి తగ్గ బరువు, అంతటి దేహానికి ఊహించలేని వేగం, ఇవే అతని అర్హతలు. ఏడో రౌండులో 233వ పేరుగా పిలిచారు. నియమాలు నేర్చుకోవడం దగ్గర మొదలుపెట్టి, 2019లో మొదటి రౌండులో తీసుకున్న ఆటగాణ్ని పక్కకు నెట్టి 2021లో లెఫ్ట్ టాకిల్ స్థానం సంపాదించాడు. క్వార్టర్‌బ్యాక్ వీపును కాచే స్థానమది. 2025 ఫిబ్రవరిలో ఈగల్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు అక్కడ నిలబడింది అతనే. బ్రేడీ విషయంలో కొలతలు దారి తప్పించాయని విమర్శించేవారు ఈ ఉదాహరణను కూడా గుర్తుపెట్టుకోవాలి. మైలాటా దగ్గర కొలతలు తప్ప మరేమీ లేవు, అవే సరిపోయాయి.

ఆరోగ్యం కారణంగా జారినవాళ్లూ ఉన్నారు. టెనెసీ విశ్వవిద్యాలయపు ట్రే స్మిత్ మొదటి రౌండు స్థాయి ఆటగాడనిపించుకున్నాక ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు బయటపడ్డాయి. జట్ల వైద్యులు వెనకాడారు. 2021లో కాన్సస్ సిటీ చీఫ్స్ ఆరో రౌండులో 226వ పేరుగా తీసుకుని మొదటి ఆట నుంచే ఆడించింది. తరచూ గాయాలపాలైన పుకా నకువాను లాస్ ఏంజెలస్ రామ్స్ 2023లో 177వ పేరుగా పిలిచింది. తొలి సీజన్‌లోనే 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో అతను 1960 నుంచి నిలిచిన కొత్త ఆటగాళ్ల గజాల రికార్డును చెరిపేశాడు. రోజర్ స్టాబాక్‌కు జబ్బూ లేదు, గాయమూ లేదు. 1963లో కళాశాల ఫుట్‌బాల్ అత్యున్నత పురస్కారం హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు 1964లో పదో రౌండు దాకా ఆగడానికి కారణం నౌకాదళ ఉద్యోగం. వియత్నాంతో సహా నాలుగేళ్ల సేవ ముగించుకుని 1969లో వచ్చి డాలస్ కౌబాయ్స్‌కు రెండు సూపర్ బౌల్స్ తెచ్చిపెట్టాడు.

అన్నిటికన్నా చివరి పేరు

డ్రాఫ్ట్‌లో ఆఖరున పిలిచేవాణ్ని 'మిస్టర్ ఇర్రెలవెంట్' అంటారు. ఎందుకూ కొరగాని మహాశయుడని అర్థం. మాజీ ఆటగాడు పాల్ సలాటా 1976లో ఈ సరదా మొదలుపెట్టాడు. ఆ ఆటగాణ్ని వేసవిలో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌కు పిలిచి ఊరేగింపు, విందు, బహుమతులతో వారం రోజులు సంబరం చేస్తారు. హైస్మన్ ట్రోఫీకి ఎగతాళిగా, బంతిని చేజార్చుకుంటున్న ఆటగాడి బొమ్మను 'లోస్‌మన్ ట్రోఫీ' పేరుతో చేతికిస్తారు. 1979లో రెండు జట్లు ఈ ప్రచారం కోసమే ఆఖరి వంతు తమకు కావాలంటే తమకు కావాలని పేరు చెప్పకుండా భీష్మించుకున్నాయి. కమిషనర్ కల్పించుకోవలసి వచ్చింది. అప్పటినుంచి కావాలని వంతు దాటవేయడం నిషిద్ధం.

2022లో ఈ బిరుదు అయోవా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీకి దక్కింది. 262వ పేరు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కు ఆ ఏడాది అతను తొమ్మిదో ఎంపిక. ఆ జట్టు అంతకుముందు ఏడాదే మూడు మొదటి రౌండు వంతులు, వాటితోపాటు ఒక మూడో రౌండు వంతు ధారపోసి మూడో స్థానానికి ఎగబాకి ట్రే లాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది. 2022 సీజన్ రెండో వారంలో లాన్స్ చీలమండ విరిగింది. డిసెంబరులో అతని స్థానంలో ఆడుతున్న జిమ్మీ గరాపలో పాదం విరిగింది. దింపడానికి మిగిలింది పర్డీ ఒక్కడే. లీగ్ దశలో మిగిలిన ఆటలన్నీ గెలిపించాడు. మరుసటి సీజన్‌లో 4,280 గజాల పాస్‌లతో జట్టు రికార్డు నెలకొల్పి సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. 2024 ఫిబ్రవరిలో అక్కడ చీఫ్స్ చేతిలో అదనపు సమయంలో 25-22తో ఓడిపోయారు. లాన్స్‌ను అప్పటికే ఒక నాలుగో రౌండు వంతుకు డాలస్‌కు ఇచ్చేశారు.

ఇలా చివర్లో మంచి ఆటగాడు దొరికితే జట్లకు కలిగే లాభం ఆటకు మించింది. 2011 ఒప్పందం తర్వాత కొత్త ఆటగాడి జీతాన్ని అతను వెళ్లిన వరుస సంఖ్యే దాదాపుగా నిర్ణయిస్తుంది. నాలుగేళ్ల ఒప్పందం, మూడేళ్లు నిండేదాకా బేరమాడే వీల్లేదు. 2023లో ఒక్కో జట్టు మొత్తం జీతాల పరిమితి 22.48 కోట్ల డాలర్లు. అందులో పర్డీ మూలవేతనం 8.7 లక్షలు. పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లు ఏటా నాలుగైదు కోట్లు తీసుకుంటున్న కాలమది. మిగిలిన సొమ్ముతో జట్టు మిగతా స్థానాలను నింపుకుంది. 2025 మేలో బేరం కుదిరే వేళకు పర్డీకి అయిదేళ్లకు 26.5 కోట్ల డాలర్లు ఒప్పుకోవలసి వచ్చింది. వెనక వచ్చినవాడు ఆణిముత్యమైతే ఆ చౌక మూడు నాలుగేళ్లే ఉంటుంది.

పిలిచాక జరిగేది

పేరు పిలవడం ఉద్యోగం కాదు. వేసవి శిబిరంలో 90 మంది ఉంటారు. ఆగస్టు చివరికి 53 మందిని మిగిల్చి తక్కినవారిని పంపేస్తారు. వారిలో 16 మందికి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చోటు దొరకొచ్చు. మొదటి రౌండులో వచ్చినవాడు శిబిరంలో తడబడినా పెట్టిన పెట్టుబడి వృథా అవుతుందని భరిస్తారు. ఏడో రౌండువాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే అతను ముందు సంపాదించుకోవలసింది స్పెషల్ టీమ్స్‌లో చోటు. బంతి తన్నినప్పుడు పరుగెత్తి ఎదుటివాణ్ని పడగొట్టే, పేరు రాని, దెబ్బలు మాత్రం తగిలే పని.

1995లో డెన్వర్ ఆరో రౌండులో 196వ పేరుగా తీసుకున్న టెరెల్ డేవిస్ రన్నింగ్ బ్యాక్. జార్జియా విశ్వవిద్యాలయంలో తొడకండరం గాయాలతో వెనకబడ్డాడు. శిబిరంలో అతనిది వరుసలో బాగా వెనక స్థానం. ఆ ఆగస్టులో టోక్యోలో జరిగిన సన్నాహక ఆటలో, బంతి తన్నిన తర్వాత పరుగెత్తి ప్రత్యర్థిని నేలకు కొట్టిన తీరు కోచ్‌ల కళ్లలో పడింది. సీజన్ మొదలయ్యేసరికి ప్రధాన రన్నింగ్ బ్యాక్ అయ్యాడు. 1998 జనవరి సూపర్ బౌల్‌లో మైగ్రేన్‌తో రెండో క్వార్టర్‌కు దూరమై కూడా 157 గజాలు పరుగెత్తి ఉత్తమ ఆటగాడయ్యాడు. అదే ఏడాది సీజన్‌లో 2,008 గజాలు. మోకాలి గాయాలతో ఏడేళ్లలోనే ఆట ముగిసినా 2017లో హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరుచుకుంది. టోక్యోలో ఆ ఒక్క టాకిల్ తప్పి ఉంటే ఏమయ్యేదో అన్న ప్రశ్నకు జవాబు లేదు గానీ, అలా తప్పిపోయినవాళ్ల సంఖ్య ఈ వ్యాసంలో పేర్లున్నవాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎంపికల కచ్చితత్వం మీద లోతైన పరిశీలన చేసినవారు పరిశోధకుడు కేడ్ మాసీ, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్. థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు పిలిచినవాడు, వాడి వెంటనే పిలిచినవాడి కన్నా మెరుగ్గా తేలేది నూటికి 52 సార్లేనని వారి లెక్క. దాదాపు బొమ్మాబొరుసే. అయినా జట్లు పైకి ఎగబాకడానికి భారీగా వంతులు చెల్లిస్తూనే ఉంటాయి. అలాగని రౌండ్లకు అర్థం లేదనుకోవడం కూడా తప్పే. పక్కపక్క పేర్ల మధ్య తేడా స్వల్పం, మొదటి పేరుకూ రెండువందలో పేరుకూ సగటున తేడా కొండంత. థేలర్ సిద్ధాంతం ప్రకారం తెలివైన జట్టు చేయవలసింది వెనక వరుసలో బ్రేడీని పసిగట్టడం కాదు. తన తీర్పు మీద నమ్మకం తగ్గించుకుని, వంతులు ఎక్కువ పోగేసుకోవడం.

ఏడో రౌండు ముగిసిన నిమిషం నుంచి మరో సంత మొదలవుతుంది. ఎవరూ పిలవనివారికి జట్లు నేరుగా ఫోన్లు చేస్తాయి. ఏడో రౌండు చివర్లో పిలిపించుకోవడం కన్నా ఇదే నయమనుకునే ఏజెంట్లున్నారు. పిలిస్తే ఆ జట్టుకే వెళ్లాలి, పిలవకపోతే ఏ జట్టులో తన స్థానం ఖాళీగా ఉందో చూసి ఎంచుకోవచ్చు. కర్ట్ వార్నర్ 1994లో అలా మిగిలిపోయినవాడే. గ్రీన్ బే శిబిరం నుంచి పంపేశాక అయోవాలో కిరాణా దుకాణంలో రాత్రిపూట సరుకులు సర్దాడు, ఇండోర్ లీగ్‌లో ఆడాడు, 1999లో సెయింట్ లూయిస్ రామ్స్‌కు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయి ఆ సీజన్ సూపర్ బౌల్ గెలిచాడు. 2002 ఫిబ్రవరి 3న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో రామ్స్ తరఫున ఎవరూ పిలవని వార్నర్, పేట్రియాట్స్ తరఫున 199వ పేరు బ్రేడీ ఎదురెదురుగా దిగారు. 17-17తో సమంగా ఉన్న ఆటను ఆఖరి క్షణంలో 48 గజాల దూరం నుంచి బంతి తన్ని పేట్రియాట్స్‌కు గెలిపించిన ఆడమ్ వినాటియెరీని కూడా 1996 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ పిలవలేదు.